చిత్తడి నేలలో పూసే పసుపు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంగ్లండులో వాగుల ఒడ్డున వసంతకాలంలో పూసే మార్ష్ మారిగోల్డ్ ఫొటో చూసి, ఇవి బంతిపూలేనా అని అడిగారు కదా. కావు. బంతితో దీనికి చుట్టరికం లేదు; మన నల్లజీలకర్ర మొక్కది, దీనిది ఒకటే కుటుంబం.

మందారాన్ని వెనక్కి తిప్పితే ఆకుపచ్చని రక్షక పత్రాలు కనిపిస్తాయి. ఈ పువ్వును తిప్పి చూస్తే అవి ఉండవు. మీరు రేకులనుకున్న ఆ అయిదూ రక్షక పత్రాలే! ఆకర్షణ పత్రాలు, అంటే నిజమైన రేకులు, దీనికి అసలు లేవు. అయినా చెప్పుకోవడానికి తేలిగ్గా వీటిని రేకులనే అందాం.

ఇక రంగు సంగతి. మన కంటికి పువ్వంతా ఒకటే పసుపు. తేనెటీగలకు మాత్రం మనకు కనబడని అతినీలలోహిత కాంతి కూడా కనిపిస్తుంది. రేకుల కొసవైపు భాగం ఆ కాంతిని వెనక్కి పంపుతుంది, పువ్వు నడుమకు దగ్గరగా ఉండే మొదలు భాగం పీల్చుకుంటుంది. అందుచేత తేనెటీగకు ఇది రెండు రంగుల పువ్వు. నడుమ వేరే రంగులో ఉన్న చోటే తేనె, పుప్పొడి ఉండేది.

తెల్లగా పూసేవీ ఉన్నాయి. ఆ రకం మన హిమాలయాలది. రేకులు తెల్లనైనా కేసరాలు పసుపే. ముద్దపూల రకంలో కేసరాలు కూడా రేకులైపోతాయి, విత్తనం కట్టదు. ఆ ముద్దపువ్వు కోసం జనం ఎందుకంత ఎగబడతారో గాని, నాకు ఒంటిరేక పువ్వే ఇష్టం.

హైదరాబాదు, విజయవాడ ఎండలకు ఈ మొక్క నిలవదు, అక్కడున్నవాళ్లు ఆశపడకండి. లండనులో ఉన్నవాళ్లు అడుగున చిల్లు లేని తొట్టిలో బంకమట్టి కలిసిన మన్ను నింపి, ఎండ తగిలే చోట నాటండి. మన్ను ఎప్పుడూ బురదగా ఉండాలి. వేసవిలో ఆకులు వాడిపోతే చచ్చిపోయిందని పీకేయకండి, వేరు బతికే ఉంటుంది.

కాయలు పైకి తెరుచుకున్న దొన్నెల్లా ఉంటాయి. వానచినుకు పడితే గింజలు ఎగిరి దూరంగా పడతాయి. వాటిని ఎండబెట్టి దాచవద్దు, వెంటనే తడిమట్టిలో చల్లాలి. చలికాలం గడిచాక మొలుస్తాయి. తల్లిమొక్క రంగే కావాలంటే మాత్రం పూత అయ్యాక దుబ్బును విడదీసి నాటుకోండి.

ఒక్క జాగ్రత్త. దీని రసం విషం, చర్మానికి తగిలితే మంట పుడుతుంది. తుంచిన చేతులు నోట్లో పెట్టుకోకుండా సబ్బుతో కడుక్కోండి, చంటివాణ్ణి తొట్టి దగ్గరికి రానివ్వకండి.

మీ తాతయ్య