పసుపు లైటు పడినప్పుడు ఆగాలా, దాటాలా: ఈ చిక్కు వెనుక చరిత్ర

నెల్లూరు వీఆర్‌సీ సెంటర్ లాంటి రద్దీ కూడలిలో పసుపు లైటు పడగానే ఒక ఆటో ఆగిపోతుంది, వెనుక వస్తున్న బైకు దాన్ని తప్పించుకుని దూసుకుపోతుంది. తప్పంతా బైకు మనిషి తొందరదే అని తేల్చేస్తుంటాం. కానీ ఆ నిర్ణయంలో మనిషి స్వభావంతో పాటు దూరం, వేగం, పసుపు లైటు వెలిగే వ్యవధి కూడా ఉన్నాయని ఇంజనీర్లు తేల్చి అరవై ఏళ్లు దాటింది.

1868లో లండన్ పార్లమెంటు దగ్గర పెట్టిన గ్యాస్ దీపపు సిగ్నల్‌కూ, 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వెలిగిన విద్యుత్ సిగ్నల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ దీపాలే ఉండేవి. 1920లో డెట్రాయిట్ పోలీసు అధికారి విలియం పాట్స్ వాటి నడుమ పసుపు చేర్చారు. అది ఎంతసేపు వెలగాలన్న ప్రశ్నను గట్టిగా పట్టుకున్నది 1960లో జనరల్ మోటార్స్ పరిశోధకులు గాజిస్, హెర్మన్, మరదుదిన్. పసుపు వ్యవధి చాలనప్పుడు, కొంత దూరంలో ఉన్న వాహనం క్షేమంగా ఆగనూ లేదు, ఎర్ర లైటు పడేలోపు గీత దాటనూ లేదని వారు గణితంతో నిరూపించారు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారునే తీసుకుందాం. డ్రైవరు తేరుకోవడానికి ఒక సెకను, ఆపై మామూలుగా బ్రేకు వేస్తే ఆగడానికి పట్టే దూరం కలిపితే సుమారు 46 మీటర్లు కావాలి. పసుపు రెండు సెకన్లే ఉంటే ఆ వేగంతో కారు పోయేది 28 మీటర్లే. ఈ రెంటి మధ్య చిక్కుకున్నవాడు ఎంత బుద్ధిమంతుడైనా ఎర్ర లైటు దాటక తప్పదు, లేదంటే బ్రేకును గట్టిగా తొక్కాలి. ఈ లెక్కన ఆ వేగానికి కనీసం 3.3 సెకన్లు, జాతీయ రహదారిపై 80 కిలోమీటర్ల వేగానికి 4.7 సెకన్లు అవసరం. నెల్లూరు, ఒంగోలు పక్కగా పోయే 16వ నంబరు రహదారిపై నిండు లోడుతో వచ్చే లారీకి ఇది కూడా సరిపోకపోవచ్చు.

వ్యవధి సరిపోయినా మరో చిక్కు మిగులుతుందని 1970ల పరిశోధనలు చెప్పాయి. గీతకు సుమారు రెండున్నర నుంచి ఐదున్నర సెకన్ల ప్రయాణ దూరంలో ఉన్న డ్రైవర్లలో కొందరు ఆగుతారు, కొందరు వెళతారు. ముందువాడు ఆగి, వెనుకవాడు వెళదామనుకుంటే గుద్దుకునే ప్రమాదం ఉంది.

మన దేశంలో 2019 మోటారు వాహనాల చట్ట సవరణ ఎర్ర లైటు దాటడాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చి, తొలి నేరానికి వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెప్పింది. శిక్ష ఇంత బరువైనప్పుడు, కూడలిలో కెమెరా బిగించే ముందు అక్కడి పసుపు వ్యవధిని వాహనాల అసలు వేగంతో పోల్చి కొలవడం అధికారుల బాధ్యత.