తెలుపుల్లో ఏ తెలుపు? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇళ్లకు రంగులు సూచించే పనిలో ఎక్కువ తర్జనభర్జన జరిగేది తెలుపు దగ్గరే.

అపోహ: తెలుపంటే తెలుపే, ఏది వేసినా ఒకటే.
వాస్తవం: తెల్ల పెయింట్లలో తెల్లదనం ఇచ్చేది దాదాపు ఎప్పుడూ టైటానియం డయాక్సైడే. షేడ్ మారేది అందులో చుక్కలుగా కలిపే పసుపు, ఎరుపు, నలుపు రంగులతో. ఆ కాస్త రంగే గోడంతా పరుచుకున్నాక బయటపడుతుంది.

అపోహ: ప్రింటర్ కాగితం పక్కన పెడితే ఏది అసలు తెలుపో తెలిసిపోతుంది.
వాస్తవం: ఆ కాగితంలో సాధారణంగా మెరుపు కోసం కలిపే రసాయనాలుంటాయి. అవి పగటి వెలుతురులో నీలంగా మెరుస్తాయి. దాని పక్కన మంచి తెలుపు కూడా పసుపుగానే కనిపిస్తుంది. షేడ్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి; ఏది గులాబీ వైపు, ఏది ఆకుపచ్చ వైపు మొగ్గుతోందో అవే చెబుతాయి.

అపోహ: గోడ మీద చిన్న ముక్క వేసి చూస్తే చాలు.
వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చుట్టూ ఉన్న పాత రంగు కంటిని మోసం చేస్తుంది. పెద్ద అట్ట మీద రెండుసార్లు పెయింట్ వేసి, ఆరాక, గోడకు నిలబెట్టి చూడండి. ఒక్కో గోడ దగ్గరికీ మార్చండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి లైట్లు వేసి కూడా చూడాలి. ఎర్రటి నేల ఉంటే తెలుపు గులాబీగా మారుతుంది, కిటికీ బయట చెట్లుంటే పచ్చదనం అంటుకుంటుంది. 2700 కెల్విన్ (పసుపు వెలుతురు) బల్బు కింద వెచ్చగా అనిపించిన షేడ్ 6500 కెల్విన్ (తెల్ల వెలుతురు) బల్బు కింద చప్పగా కనిపించవచ్చు. కాబట్టి బల్బులు మార్చే ఆలోచన ఉంటే ముందు అవి మార్చండి. ఇంత చూసినా రెండు షేడ్లకీ తేడా తెలియడం లేదంటే టెన్షన్ పడకండి, ఏదో ఒకటి వేసేయండి. గోడ మీద రెండోది పక్కన ఉండదు కదా!

అపోహ: చీకటి గదికి బాగా తెల్లటి తెలుపు వేస్తే వెలుగొస్తుంది.
వాస్తవం: పెయింట్ తన మీద పడ్డ వెలుతురునే తిప్పి పంపుతుంది. వెలుతురే లేకపోతే స్వచ్ఛమైన తెలుపు బూడిద రంగులా కనిపిస్తుంది. అక్కడ పసుపు ఛాయ తెలుపు నయం, ఇంకో లైటు పెట్టిస్తే ఇంకా నయం.

అపోహ: తలుపులకు వేసిన తెల్ల ఎనామెల్ ఎప్పటికీ గోడ తెలుపుతో సరిపోయే ఉంటుంది.
వాస్తవం: ఆయిల్ ఎనామెల్ కాలక్రమంలో పసుపెక్కుతుంది, వెలుతురు తగలని చోట మరీ త్వరగా. తలుపులకూ నీటితో కలిపే అక్రిలిక్ ఎనామెల్ అడగండి.