అంకణాలు, స్టోక్సులు, సెకన్లు: నూనె చిక్కదనపు లెక్క

చీమకుర్తి గ్రానైట్ క్వారీలలో తిరిగే ప్రొక్లెయినర్లకు పోసే హైడ్రాలిక్ ఆయిల్ డబ్బా మీద సాధారణంగా ‘ఐఎస్ఓ వీజీ 46’ అనో ‘ఐఎస్ఓ వీజీ 68’ అనో ఉంటుంది; వీజీ అంటే విస్కాసిటీ గ్రేడ్, అంటే చిక్కదనపు తరగతి. ఏదైనా పాత దిగుమతి యంత్రం పుస్తకం తెరిస్తే మాత్రం, అందులో ‘100 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద 350 ఎస్‌యూఎస్’ అని రాసి ఉండవచ్చు; ఎస్‌యూఎస్ అంటే సేబోల్ట్ యూనివర్సల్ సెకన్లు, చిక్కదనానికి మరో కొలత. ఆ 350, ఈ 68 ఒకే నూనెను చెబుతున్నాయా? దీనికి జవాబు వెతికితే శుద్ధగతిక స్నిగ్ధత, అంటే కైనమాటిక్ విస్కాసిటీ అనే రాశి స్వభావమంతా బయటపడుతుంది.

ద్రవంలోని పొరలు ఒకదాని మీద ఒకటి జారేటప్పుడు కలిగే లోపలి రాపిడిని గతిక స్నిగ్ధత అంటారు. దానిని ద్రవపు సాంద్రతతో భాగిస్తే వచ్చేది శుద్ధగతిక స్నిగ్ధత. ఎందుకు భాగించాలంటే, ప్రయోగశాలలో నిలువుగా పెట్టిన సన్నని గాజు గొట్టంలో నూనె తన బరువుతో తానే కిందికి దిగుతుంది. బరువైన ద్రవానికి రాపిడితో పాటు దిగలాగే బలం కూడా ఎక్కువే కనుక, అది దిగడానికి పట్టిన కాలం ఆ రెండింటి నిష్పత్తినే చూపిస్తుంది. ఈ నిష్పత్తి మన ఊహకు అందని ఫలితాలు కూడా ఇస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలోని రాపిడి నీటిలో సుమారు 55వ వంతు మాత్రమే, కానీ దాని సాంద్రత నీటిలో సుమారు 830వ వంతు. అందువల్ల శుద్ధగతిక స్నిగ్ధతలో గాలి నీటికి దాదాపు 15 రెట్లు.

ఈ రాశికి అంతర్జాతీయ ప్రమాణం సెకనుకు చదరపు మీటరు. చదరపు మీటరు కనిపించినా ఇక్కడ కొలుస్తున్నది వైశాల్యం కాదు, ఒక పొర కదలిక పక్క పొరలలోకి ఎంత త్వరగా పాకుతుందన్న విషయాన్ని. ఐర్లండ్‌లో 1819లో పుట్టిన జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ పేరు మీద వచ్చిన ‘స్టోక్’ సెకనుకు ఒక చదరపు సెంటీమీటరు. అందులో వందో వంతు సెంటీస్టోక్, అంటే సెకనుకు ఒక చదరపు మిల్లీమీటరు. సెకనుకు ఒక చదరపు అడుగు అంటే 92,903 సెంటీస్టోకులు. నెల్లూరులో ఇంటి స్థలాన్ని అంకణాలలో చెబుతారు. అంకణాన్ని గజాలలోకి మార్చాలంటే 8తో గుణిస్తే చాలు. పై ప్రమాణాల మార్పిడి కూడా అంత సులువైనదే.

సెంటీపాయిజుల దగ్గర కొంత జాగ్రత్త కావాలి. రక్తం సన్నని నాళాలలో ఎలా పారుతుందో తెలుసుకోవాలని గాజు గొట్టాలతో ప్రయోగాలు చేసిన ఫ్రెంచి వైద్యుడు పాయిజీ పేరిట ఏర్పడిన ఆ ప్రమాణం గతిక స్నిగ్ధతది. నీటికి సాంద్రత దాదాపు 1 కనుక రెండు అంకెలూ ఒకటే అవుతాయి, ఆ అలవాటుతోనే నూనెకు కూడా ఒకటేనని పొరబడేవారు చాలామంది. మిల్లీలీటరుకు 0.87 గ్రాములు తూగే నూనె 59 సెంటీపాయిజులుంటే, దాని శుద్ధగతిక స్నిగ్ధత దాదాపు 68 సెంటీస్టోకులు. పాదరసానికైతే తేడా పదమూడు రెట్లకు పైగా ఉంటుంది.

అసలు చిక్కు ఎస్‌యూఎస్‌తో వస్తుంది. సేబోల్ట్ పరికరపు చిన్న రంధ్రం గుండా 60 మిల్లీలీటర్ల నూనె కారడానికి ఎన్ని సెకన్లు పట్టిందో అదే ఎస్‌యూఎస్. మార్పిడి పట్టికలు దీనిని సెంటీస్టోకుల పక్కనే, అది కూడా మరొక అంకణమే అన్నట్టు చూపడం నాకు సమంజసంగా తోచదు, ఎందుకంటే ఇక్కడ ఒకే గుణకం పనిచేయదు. పలచని నూనె రంధ్రం నుంచి వేగంగా దూకుతుంది. దాని బరువు చేసే పనిలో కొంత భాగం రాపిడిని దాటడానికి కాక, ఆ వేగాన్ని పుట్టించడానికే ఖర్చవుతుంది. కాబట్టి కాలమంతటినీ స్నిగ్ధత ఖాతాలో వేయకూడదు. 100 సెకన్ల లోపు, సెకన్లను 0.226తో గుణించి, అందులో నుంచి 195ను సెకన్లతో భాగించగా వచ్చినది తీసివేస్తారు. 100 దాటితే ఆ అంకెలు 0.220, 135 అవుతాయి. ఈ సూత్రం ప్రకారం 40 సెకన్లకు సుమారు 4.2 సెంటీస్టోకులు, 80 సెకన్లకు సుమారు 15.6. కాలం రెట్టింపైతే స్నిగ్ధత దాదాపు నాలుగింతలైంది! సెకన్లు పెరిగిన కొద్దీ తీసివేసే భాగం తగ్గిపోయి, లెక్క మామూలు గుణకారానికి దగ్గరవుతుంది.

ఇక 350 సెకన్ల సంగతి. 350ని 0.220తో గుణిస్తే 77, అందులో 0.4 తీసివేస్తే 76.6 సెంటీస్టోకులు. వీజీ 68 నూనె 61.2 నుంచి 74.8 మధ్య ఉండాలి గనుక, ఇది ఆ తరగతి నూనె కాదని ఇక్కడే తీర్మానించేవారుంటారు. కానీ అంకణం కూడా నెల్లూరులో 72 చదరపు అడుగులైతే మరికొన్ని చోట్ల 36 మాత్రమే. ఏ ఊరి అంకణమో చెప్పకపోతే కొలత పూర్తి కానట్టే, ఏ వేడి దగ్గర కొలిచారో చెప్పని స్నిగ్ధత కూడా పూర్తి కాదు. అరిసెల పాకం పొయ్యి దించిన కాసేపటికే గట్టిపడడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పుస్తకం చెప్పిన 100 డిగ్రీల ఫారెన్‌హీట్ 37.8 డిగ్రీల సెల్సియస్. వీజీ తరగతులను మాత్రం 40 డిగ్రీల దగ్గర, ఇంచుమించు మన రోహిణి కార్తె నీడలో ఉండే వేడి దగ్గర నిర్ణయిస్తారు. ఇలాంటి ఖనిజ నూనె ఆ ప్రాంతంలో డిగ్రీకి సుమారు 5 శాతం చొప్పున పలచబడుతుంది. మిగిలిన 2.2 డిగ్రీలకు దాదాపు 11 శాతం తగ్గిస్తే 76.6 కాస్తా 68 అవుతుంది. పాత పుస్తకం కోరిన నూనె, డబ్బాలో ఉన్న వీజీ 68 నూనె ఒకే తరగతివి.