ఫాదర్ల స్కూళ్లు: అపోహలు, వాస్తవాలు

కాజీపేట చుట్టుపక్కల కథోలిక విచారణ బడుల్లో (ఒక చర్చి, దాని కింది ఊళ్లు కలిపి ‘విచారణ’ అంటాం) ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పాను, ఇప్పుడు పాత రిజిస్టర్లు సర్దే పని చూస్తున్నాను. అడ్మిషన్లు మొదలయ్యాయంటే చాలు, తల్లిదండ్రుల నోట మళ్లీ అవే మాటలు.

అపోహ: ఫాదర్ల స్కూళ్లన్నీ ఒకటే, అన్నిటికీ ఓనర్ బిషప్ గారే.

కాదండీ. కాజీపేట సెయింట్ గేబ్రియల్స్ స్కూల్ నడిపేది బ్రదర్స్ సభ, అంటే సన్యాసుల సంస్థ. వాళ్లు సన్యాసులే గానీ గురువులు, అంటే ఫాదర్లు, కారు, పూజ చెప్పరు. సిస్టర్ల స్కూల్ వాళ్ల సభది. విచారణ బడి అయితే మామూలుగా విచారణ గురువే కరస్పాండెంట్. వచ్చి చూసే హక్కు, పర్యవేక్షించే హక్కు అన్నిచోట్లా మేత్రాణులకు, అంటే బిషప్ గారికి, ఉంటుంది, కానీ ఆస్తి ఆయన సొంతం కాదు. 1983 నాటి చర్చి చట్టం ప్రకారం ప్రతి విచారణకూ ఆర్థిక సంఘం ఉండి తీరాలి, విచారణ గురువు ఆ చట్టానికి లోబడే లెక్కలు చూసుకోవాలి.

అపోహ: ప్రతి చర్చికీ బడి ఉండాలని రోమ్ రూల్.

ఆ రూల్ పెట్టుకున్నది అమెరికా బిషప్పులు, 1884లో బాల్టిమోర్‌లో జరిగిన వాళ్ల సమావేశంలో. అక్కడి సర్కారు బడుల్లో ప్రొటెస్టెంట్ పద్ధతి నడుస్తోందన్న బాధ వాళ్లది. మన దగ్గర ఆ కథే లేదు.

అపోహ: దొరలు వచ్చిందే ఇంగ్లీష్ మీడియం పెట్టడానికి.

1855లో హైదరాబాద్ మిషన్‌కు వచ్చిన మిలాన్ గురువులు ఇటలీ వాళ్లు, వాళ్ల ఇంటి భాషే ఇంగ్లీష్ కాదు. నిజాం జమానాలో పై చదువులు ఉర్దూలో ఉంటే, పల్లెలో ఉపదేశి (చర్చి తరఫున జపాలు, బోధ నేర్పే మనిషి) చెట్టు కిందో గుడి వసారాలోనో పిల్లల్ని కూర్చోబెట్టి జపాలతో పాటు తెలుగు అక్షరాలు దిద్దించేవాడు. ఆ ఉపదేశుల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు, నాకు అదే బాధ. ఇక పెత్తనం సంగతంటారా, 1952లో వరంగల్ మేత్రాసనం (ఒక బిషప్ గారి కింది ప్రాంతం) ఏర్పడ్డాక మొదటి మేత్రాణులు అల్ఫోన్సో బెరెట్టా గారు ఇటలీ ఆయనే, కానీ 1986లో మనవాడే అయిన తుమ్మ బాల గారు అదే పదవికి నియమితులయ్యారు, 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని గారు తొలి తెలుగు కార్డినల్ (పోప్ తర్వాతి పెద్దల్లో ఒకరు) కూడా అయ్యారు.

అపోహ: అవి క్రైస్తవుల పిల్లలకే, లేదంటే డబ్బున్నోళ్లకే.

మొన్న ఒక పెద్దాయన పెన్షన్ కోసం పుట్టిన తేదీ కావాలని వచ్చారు. చెదలు అంచులు కొరికేసిన జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) పుస్తకం తీస్తే పేర్లు తప్ప అంతా లాటిన్. బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో మాత్రం జులై 1 అని ఉంది, తేదీ తెలియని పిల్లలందరికీ అప్పటి సార్లు అలాగే రాసేవారు. రెండు పుస్తకాలకూ మధ్య రెండేళ్ల తేడా. ఆ పేజీలోనే తండ్రి వృత్తి గడి చూశాను: జీతగాడు, జీతగాడు, సాలె, కూలి, మళ్లీ జీతగాడు. సగం మంది మతం గడిలో హిందూ. ఇంకోమాట, గుర్తింపు పొందిన ఏ స్కూల్లోనైనా పెద్దల ఒప్పుకోలు లేకుండా పిల్లల్ని మతబోధకు కూర్చోబెట్టకూడదు, రాజ్యాంగం 28వ అధికరణలోనే ఉంది.

సర్టిఫికెట్ కావాల్సిన వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. జ్ఞానస్నానం పుస్తకం విచారణ గురువు దగ్గర ఉంటుంది, అడ్మిషన్ రిజిస్టర్ హెచ్‌ఎం దగ్గర. బోనఫైడ్ అడిగేటప్పుడు చేరిన సంవత్సరంతో పాటు అప్పట్లో ఇంట్లో పిలిచిన పేరు కూడా చెప్పండి, చాలామంది ఆ పేరుతోనే దొరుకుతారు.