అమెరికా అట్టుడికినప్పుడు మన చేతిలో ఉన్న పని: అపోహలు - వాస్తవాలు

2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ ప్రాణం పోయాక అమెరికా అట్టుడికిపోయింది. అలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ అమెరికాలోని మన తెలుగు ఇళ్లలో అవే మాటలు వినిపిస్తాయి. కళ్లెదుట వివక్ష జరుగుతుంటే ఏం చేయాలో నేర్పే శిక్షణల్లో మేం వాటికి చెప్పే జవాబులివి.

అపోహ: మనమొక్కళ్లం చేస్తే ఏం ఒరుగుతుంది?

వాస్తవం: అలబామాలోని మాంట్‌గొమరీలో బస్సు సీట్ల దగ్గర చూపే జాతి వివక్షకు నిరసనగా నల్లజాతివారు 1955 డిసెంబర్ 5 నుంచి 381 రోజులు సిటీ బస్సెక్కలేదు. జనాన్ని పనులకు చేర్చడానికి దాదాపు 300 కార్లు తిరిగేవి. మరి వాటి పెట్రోలుకు డబ్బు? జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి కొందరు ఆడవాళ్లను కూడగట్టి శాండ్‌విచ్‌లు, పైలు, కేకులు చేసి, బ్యూటీ పార్లర్లలోనూ లాండ్రీల్లోనూ అమ్మించింది. కొన్నవాళ్లలో తెల్లవాళ్లూ ఉన్నారు. పేర్లు బయటపడితే ఉన్న ఉద్యోగం ఊడుతుంది. అందుకే డబ్బెక్కడిదని అడిగితే ‘ఎక్కడినుంచో వచ్చింది’ అనేవారు. ఆ గుంపుకు ‘క్లబ్ ఫ్రమ్ నోవేర్’ అన్న పేరు అలా నిలిచింది. కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు గిల్మోర్ పని పోతే ఇంట్లోనే పొయ్యి వెలిగించింది. ఉద్యమం గిట్టనివాళ్లు కార్ల ఇన్సూరెన్స్ రద్దు చేయిస్తే, ఉద్యమకారులు లండన్‌లోని లాయిడ్స్ దగ్గర కొత్తది తీసుకున్నారు. నెలల తరబడి ఆ బండ్లు నడిచాయంటే, వారం వారం లెక్క తప్పకుండా చేరిన ఆ చిల్లర డబ్బుకూ అందులో వాటా ఉంది. ఆశ ముందు పుట్టాలి, ఆ తర్వాత పని అనుకుని కూర్చునేవాళ్లకు మేం మొదట చెప్పేది గిల్మోర్ వంటింటి గురించే.

అపోహ: ఫోన్ తీసి వీడియో పెడితే సరిపోతుంది.

వాస్తవం: ఫ్లాయిడ్ చనిపోయిన రాత్రి పోలీసుల ప్రకటనలో ఉన్నది ‘వైద్యపరమైన ఘటన’ అని. 17 ఏళ్ల డార్నెల్లా ఫ్రేజియర్ తీసిన వీడియో ఆ కథను తిరగేసింది. మోకాలు 9 నిమిషాల 29 సెకన్లు మెడమీద ఉందని విచారణలో తేలింది. పనికొచ్చే వీడియోకు కొన్ని పద్ధతులున్నాయి. పోలీసుల పనికి అడ్డురాకుండా దూరంగా నిలబడండి. వెనక్కి జరగమంటే జరుగుతూనే తీయండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని, వీధి పేరున్న బోర్డును 10 సెకన్లు చూపించి, తేదీ, టైము నోటితో చెప్పండి. తర్వాత మాట్లాడకండి; మీ వ్యాఖ్యానం కింద అవతలివాళ్ల మాటలు మునిగిపోతాయి. వేలిముద్ర, ముఖంతో తెరుచుకునే లాక్ ఆపేసి ఆరంకెల పాస్‌కోడ్ పెట్టుకోండి. లైవ్ పెట్టకండి: బాధితుల ముఖం, ఉన్న చోటు అందరికీ తెలిసిపోతాయి. ఆ వీడియోను ఏం చేయాలో తేల్చాల్సింది బాధితులే.

ఇంకొకరు దగ్గరలో ఉంటే తీసే పని వాళ్లకిచ్చి, మీరు బాధితుల పక్కకు వెళ్లండి. రైల్లో ఒకడు అరుస్తుంటే వాడితో వాదనకు దిగితే గొడవ పెద్దదవుతుంది. బాధితురాలి పక్కన నిలబడి ‘తర్వాతి స్టేషన్ ఏదండీ?’ అని అడగండి. వాడి వైపు చూడకండి. దిగాక ‘తోడు రమ్మంటారా?’ అనండి.

అపోహ: టియర్ గ్యాస్‌కు పాలు మంచివి.

వాస్తవం: వద్దు. పాలు శుభ్రమైనవి కావు, కంట్లో ఇన్ఫెక్షన్ రావచ్చు. మంచినీళ్లతో 10-15 నిమిషాలు కడగాలి. కాంటాక్ట్ లెన్సులు ముందే తీసేయాలి.

అపోహ: ఇది నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య గొడవ, మనకెందుకు?

వాస్తవం: 1946 నాటి అమెరికా వలస చట్టం ఏడాదికి సుమారు 100 మంది భారతీయులకే తలుపు తీసింది. దేశాలవారీ ఆ కోటాలు పోయింది 1965లో, పౌరహక్కుల ఉద్యమం ఊపులో. మన వీసాల వెనక ఆ ఉద్యమం ఉంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథాలో ‘మా దేశం వదిలిపో’ అని అరిచి కాల్చినవాడి తూటాకు కూచిభొట్ల శ్రీనివాస్ బలయ్యాడు.

ఇంట్లో నల్లవాళ్లను చిన్నచూపుతో ‘కల్లూగాళ్లు’ అన్న మాట వచ్చినప్పుడు పదిమంది ముందు నిలదీస్తే మొండికేస్తారు. పక్కకు పిలిచి ‘బాబాయ్, పిల్లలు వింటున్నారు, రేపు స్కూల్లో అదే అంటారు’ అంటే చాలామంది ఆగుతారు.

అపోహ: ఓటు లేదు, కాబట్టి నోరూ లేదు.

వాస్తవం: చాలా సిటీ కౌన్సిళ్లలో జనం మాట్లాడే సమయం ఉంటుంది, సాధారణంగా 2-3 నిమిషాలు. అక్కడ పౌరసత్వం అడగరు. పేరు ముందే నమోదు చేసుకోవాలి. రెండు నిమిషాలకు ఇంగ్లిష్‌లో 250 పదాలు చాలు. ఎక్కువమంది చేసే తప్పు, చరిత్రతో మొదలెట్టి అడగాల్సింది అడిగేలోపే బెల్లు మోగడం. అందుకే మొదటి వాక్యంలోనే ఎజెండా అంశం నంబరు, మీకేం కావాలో చెప్పేయండి: ‘పోలీసుల బాడీ కెమెరా వీడియోలు ఎన్ని రోజుల్లో బయటపెడతారో నిబంధనగా రాయండి.’ వీసా మీద ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త: నిరసన ఊరేగింపుకు వెళ్తే, కర్ఫ్యూ పెట్టి ఉంటే దానికి గంట ముందే ఇంటికి బయల్దేరండి. అరెస్టు రికార్డు తర్వాత వీసా స్టాంపింగ్‌లో ప్రశ్నలు తెస్తుంది. లాయరు ఫోన్ నంబరు చేతిమీద పెన్నుతో రాసుకోండి, ఫోన్ మీ దగ్గర ఉండకపోవచ్చు.