సిగరెట్ కంపు కొట్టే కారు: అపోహలు - వాస్తవాలు

"కొన్న రోజు మల్లెపూల వాసన వచ్చింది బాబూ, పది రోజులు తిరక్కుండా లోపల ఎవరో కూర్చుని కాలుస్తున్నట్టుంది" అన్నారు మొన్న గుణుపురం నుంచి వచ్చిన మేష్టారు. ఒడిశాలోని రాయగడలో కార్ల లోపల శుభ్రం చేసే పని నాది. విశాఖ వైపు నుంచి పాత బండి తెచ్చి ఇక్కడి ఓడీ 18 రిజిస్ట్రేషన్ నంబరు వేయించుకునేవాళ్లు ముందే ఈ నాలుగు ముక్కలు వినండి.

అపోహ: అద్దాలు దించి నాలుగు రోజులు ఎండలో పెడితే పోతుంది.
గాల్లో ఉంటే ఎప్పుడో పోయేది. పొగలోని తారు, నికోటిన్ అద్దాలకీ ప్లాస్టిక్‌కీ గుడ్డకీ జిగురులా పట్టేస్తాయి. ఎండకి ఆ పొర వేడెక్కి ఇంకా వాసన వదులుతుంది. ముందద్దం లోపలివైపు తడి తెల్లగుడ్డతో తుడిచి చూడండి, టీ డికాషన్ రంగు దిగుతుంది. కొనేముందు నేను చేసే పరీక్ష ఇదే. అమ్మేవాడు మూడు పెర్ఫ్యూమ్ డబ్బాలు వేలాడదీశాడంటే నాకు అప్పుడే అనుమానం.

అపోహ: సీట్లు షాంపూతో కడిగిస్తే చాలు.
పొగ పైకి కదా పోతుంది! అసలు సరుకు పైకప్పు గుడ్డలో ఉంటుంది, దాన్నెవరూ ముట్టుకోరు. అలాగని నీళ్లు కొట్టేయకూడదు. గుడ్డ వెనక పలచటి ఫోమ్, దాన్ని పట్టి ఉంచే జిగురు. పని నేర్చుకునే రోజుల్లో ఒక బండికి తడిపి బ్రష్షుతో రుద్దేశాను. మర్నాటికి గుడ్డ పెళ్లిపందిరిలా వేలాడింది, కొత్తది నా డబ్బుతోనే వేయించాను. ఇప్పుడు క్లీనర్‌ని మైక్రోఫైబర్ గుడ్డ మీదే కొట్టి, అద్ది, ఒకే వైపుకి తుడుస్తాను. రెండు మూడు సార్లు. సీటు బెల్టు చివరిదాకా లాగి క్లిప్పు పెట్టి, సబ్బునీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే వదులుతాను.

అపోహ: ఏసీకి దీంతో సంబంధం లేదు.
అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగేలా ఏసీ పెట్టుకుని కాల్చినవాడి పొగంతా కూలింగ్ కాయిల్ మీదుగానే తిరిగింది. ఏసీ వేసిన మొదటి నిమిషం కంపు కొట్టి తర్వాత తగ్గుతోందా, అయితే అక్కడే ఉంది. కాయిల్‌కి ఫోమ్ క్లీనర్ కొట్టించాలి. లోపలికొచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ చాలా బళ్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. దులిపి పెడితే లాభం లేదు, మార్చేయండి.

బేకింగ్ సోడా పనికొస్తుంది, కానీ ఇదంతా అయ్యాకే. రాత్రి సీట్ల మీద చల్లి పొద్దున్న వాక్యూమ్ చేస్తే సరి. వాసన పోగొట్టడానికి ఓజోన్ వాయువు వదిలే ఓజోన్ మెషిన్ కూడా అంతే. తుడవకుండా పెడితే కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలు. ఎక్కువసేపు నడిపితే రబ్బరు పాడవుతుంది. నడిచేటప్పుడు లోపల మనుషులూ జంతువులూ ఉండకూడదు, ఆపాక తలుపులు తీసి బాగా గాలాడనివ్వాలి.

నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్టలకి అలవాటుపడ్డ మా ముక్కులకి ఇదొక కంపా అంటారు కొందరు. చంటిపిల్లల్ని ఎక్కించుకునేవాళ్లు అలా అనలేరు.

మేష్టారి బండికి రెండు రోజులు పట్టింది. సీటు ఫోమ్ లోపలికి దిగిన వాసన మాత్రం మొత్తం పోలేదు. రథయాత్ర వానలకి తేమ పట్టగానే కాస్త లేస్తుందని చెప్పి, ఆయన సరే అన్నాకే డబ్బులు తీసుకున్నాను.