చేతులతో చేసి నేర్చుకోవడం: అపోహలు, వాస్తవాలు

ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా లెక్కలు, సైన్సు పాఠాలకు కృత్యాలు తయారుచేయడం, వాటిని టీచర్లతో కలిసి తరగతిలో నడిపించడం నా పని. కృత్యాల మాట ఎత్తగానే కొందరు "అదంతా టైమ్ దండగ" అంటారు. ఇంకొందరు "ప్రతి పాఠమూ చేసే నేర్చుకోవాలి" అంటారు. ఈ రెండు వాదనల వెనకా ఉన్న అపోహలు దాదాపు ఒకటే.

అపోహ: ఇవన్నీ చిన్న తరగతులకే. హైస్కూలుకి వచ్చాక నల్లబల్ల చాలు.

అందరికంటే ఎక్కువగా నష్టపోతున్నది హైస్కూలు పిల్లలే. కంటికి కనపడని భావనలు వరసపెట్టి మొదలయ్యేది ఆరో తరగతి తర్వాతే. సరిగ్గా అప్పుడే మనం వస్తువులన్నీ అటకెక్కిస్తాం.

ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అనగానే "ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్" అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. సూత్రం ఎన్నిసార్లు రాయించినా కొన్నాళ్లకు మళ్లీ అదే తప్పు. వాళ్ల చేత 13 సెంటీమీటర్ల భుజంతో ఒక కాగితపు చతురస్రం కత్తిరింపజేయండి. ప్రతి భుజాన్నీ 10, 3గా విడగొట్టి, అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీయించి ముక్కలు చేయించండి. నాలుగు ముక్కలొస్తాయి. ఇప్పుడు చతురస్రాలు మాత్రమే ఉంచుకుని మిగతావి పక్కన పెట్టమనండి. చేతిలో మిగిలేది 100, 9 కలిపి 109 చదరపు సెంటీమీటర్లు. కాగితం మొత్తం 169. తగ్గిన 60 ఎక్కడుందని అడిగితే పక్కన పెట్టిన రెండు పట్టీల మీదికి వేలు వెళ్తుంది. ఒక్కోటి 30. అసలు సూత్రంలో మధ్యన వచ్చే 2ఎబిలో ఆ 2 ఎక్కడిదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: చేతులు కదులుతుంటే బుర్ర కూడా కదులుతున్నట్టే.

తరగతి సందడిగా ఉంటుంది, పిల్లలు సంతోషంగా ఉంటారు, ఫొటోలు బాగా వస్తాయి. పాఠం మాత్రం ఎక్కకపోవచ్చు. ఈ అపోహ కృత్యాలను ఇష్టపడే టీచర్లలోనే ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

52లోంచి 27 తీసేయమంటే చాలామంది చిన్నపిల్లలు 35 అంటారు. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేస్తారు. వాళ్లకు ఐదు పదుల కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి 27 పుల్లలు అడగండి. ఏడు విడి పుల్లలు ఇవ్వాల్సి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. కాసేపు చూసి ఒక కట్ట రబ్బరు బ్యాండు విప్పుతారు. పాఠమంతా ఆ క్షణంలోనే ఉంది. కట్ట విప్పిన వెంటనే, పుల్లలు బల్ల మీద ఉండగానే, నోటుబుక్కులో 5 కొట్టేసి 4 వేయించాలి, పక్కన 12 రాయించాలి. ఏడు పుల్లలు ఇచ్చాక ఒకట్ల కింద 5, రెండు కట్టలు ఇచ్చాక పదుల కింద 2. చేతి పనికీ రాతకీ ముడి పడేది అప్పుడే. పుల్లలన్నీ సర్దేసి మర్నాడు లెక్క మొదలుపెడితే పిల్లల దృష్టిలో అది ఆట, ఇది లెక్క. రెండూ వేర్వేరు.

పెద్ద తరగతుల్లో ఇదే పని ముందుగా అడిగే ప్రశ్న చేస్తుంది. లోలకం పాఠంలో దారం చేతికివ్వకముందే "బరువు పెంచితే ఊగే వేగం మారుతుందా?" అని అడిగి, జవాబు రాయించి పెట్టుకోండి. మారుతుందని రాసేవాళ్లు చాలామంది ఉంటారు. తర్వాత 25 సెంటీమీటర్ల దారానికి నట్టు కట్టి, చిన్నగా ఊపి, 20 డోలనాలకు (అటు వెళ్లి తిరిగొస్తే ఒకటి) ఎంతసేపు పట్టిందో చూస్తే సుమారు 20 సెకన్లు వస్తుంది. నట్లు పెంచినా అంతే. దారం 100 సెంటీమీటర్లు చేస్తే 40 సెకన్లు. ముందు రాసిన జవాబు ఎదురుగా లేకపోతే ఇవన్నీ పట్టికలో నింపే అంకెలే.

ఇక్కడ ఒక జాగ్రత్త. నట్లను ఒకదాని కింద ఒకటి వేలాడదీస్తే బరువు కేంద్రం కిందికి జారి లోలకం పొడవు పెరుగుతుంది, సమయమూ పెరుగుతుంది. బరువు వల్లే మారిందని పిల్లలు "రుజువు" చేసేస్తారు. నట్లన్నీ ఒకే ఎత్తులో ఉండేలా కట్టించండి.

అపోహ: టీచరు ఏమీ చెప్పకూడదు. పిల్లలే కనుక్కోవాలి.

కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో రాసిన వ్యాసం ఈ వాదనను గట్టిగా ఖండించింది. ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగింది చాలా తక్కువ. విషయం కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లను దారి చూపకుండా వదిలేస్తే ఆ కాస్తా వెతుకులాటకే సరిపోతుంది. సాధనం ఎలా వాడాలో, ఏది కొలవాలో ముందే చెప్పేయండి. ఫలితం మాత్రం చెప్పకండి. తరగతి పెరిగేకొద్దీ, పిల్లలకు ఆ విషయం మీద పట్టు వచ్చేకొద్దీ సాయం తగ్గించాలి.

అపోహ: విన్నదాంట్లో 20 శాతం, చేసినదాంట్లో 90 శాతం గుర్తుంటుంది.

శిక్షణ తరగతుల్లో తరచూ చూపించే బొమ్మ ఇది. అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ 1946లో ఇచ్చిన "అనుభవ శంకువు" పేరుతో తిరుగుతోంది. డేల్ గీసిన బొమ్మలో శాతాలు లేవు, వాటిని తర్వాత ఎవరో చేర్చారు. మన వాదన నిలబడటానికి ఈ అంకెలు అక్కర్లేదు, దయచేసి వాడకండి.

అపోహ: ఖరీదైన, రంగురంగుల సామగ్రి కావాలి.

వస్తువు ఎంత ముచ్చటగా ఉంటే పిల్లల ధ్యాస అంతగా దాని మీదే ఉంటుంది. ఎలుగుబంటి బొమ్మలతో లెక్కపెట్టమంటే ఎలుగుబంట్లతో ఆడుకుంటారు. 1907లో రోమ్‌లో తొలి బడి తెరిచిన మాంటిస్సోరి పద్ధతిలో స్థానవిలువ నేర్పే పూసలు చూడండి. ఒకటి, పది, వంద, వెయ్యి అన్నీ ఒకే బంగారు రంగులో ఉంటాయి. తేడా ఉండేది పరిమాణంలోనే, పిల్లలు గమనించాల్సిందీ అదే.

అపోహ: ఇలా అయితే సిలబస్ పూర్తవదు, పరీక్షలకు పనికిరాదు.

ప్రతి పాఠానికీ కృత్యం పెడితే నిజంగానే పూర్తవదు. పెట్టక్కర్లేదు కూడా. నిర్వచనాలు, పేర్లు, సంకేతాలు చెప్పేస్తే పోతుంది. పిల్లలు ఏటేటా ఒకే తప్పు ఎక్కడ చేస్తున్నారో పాత జవాబు పత్రాలు తిరగేస్తే తెలిసిపోతుంది. పీరియడ్లు అక్కడ ఖర్చుపెట్టండి. స్థానవిలువ, భిన్నాలు, వైశాల్యానికీ చుట్టుకొలతకీ తేడా, విద్యుత్ వలయాలు: నా జాబితా ఎప్పుడూ వీటితోనే మొదలవుతుంది.

పరీక్షల సంగతికొస్తే, 2014లో ఫ్రీమన్ అనే పరిశోధకుడి బృందం కాలేజీ స్థాయి సైన్సు, ఇంజనీరింగు, గణిత కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసింది. ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో సుమారు 34 శాతం మంది ఫెయిలైతే, విద్యార్థుల చేత పని చేయించిన తరగతుల్లో సుమారు 22 శాతం. అందులో చర్చలు, సమస్యాసాధన కూడా కలిసి ఉన్నాయి కాబట్టి ఆ ఘనతంతా చేతిపనిదే అనలేం.

అపోహ: వస్తువుతో చేయగలిగితే వచ్చేసినట్టే.

పుల్లలతో చేసింది బొమ్మ గీసి చేయాలి, తర్వాత అంకెలతో, చివరికి ఏమీ లేకుండా చేయాలి. పుల్లలు ఎప్పుడు తీసేయాలన్నది ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది, తరగతి మొత్తానికీ ఒకే తేదీ పెట్టలేం. నేనైతే వస్తువు దాచేసి కొత్త ప్రశ్న అడుగుతాను. లోలకం పాఠం అయ్యాక అడిగేది: "లోలకం గడియారం నెమ్మదిగా నడుస్తోంది. గుండును పైకి జరపాలా, కిందికి జరపాలా, బరువైనది మార్చాలా?" పైకి జరపాలని చెప్పి, పొడవు తగ్గుతుంది కాబట్టి అని కారణం కూడా చెప్పినవాళ్లకే ఆ పాఠం అయిందని రాసుకుంటాను. మిగతావాళ్లకు మర్నాడు దారం, నట్టు మళ్లీ ఇస్తాను.